గుండె వాల్వ్ ఆపరేషన్: టిష్యూనా.. మెకానికలా? పూర్ణా మార్కెట్ ఆకుకూరలకు, రక్తం పల్చబరిచే మాత్రకు లింకేంటి?

విశాఖపట్నం: పూర్ణా మార్కెట్‌లో తోటకూర కట్ట చూసి కూడా కొనకుండా వెళ్లిపోయే వారిలో గుండె వాల్వ్ ఆపరేషన్ అయినవారూ ఉంటారు. ఆకుకూర తింటే మాత్ర పనిచేయదన్న భయమే కారణం. కానీ ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియక కొందరు ఆకుకూరలు మానేస్తారు.. ఇంకొందరు ఏకంగా మాత్రే ఆపేస్తారు. మెకానికల్ వాల్వ్ ఉన్నవారికి ఇది ప్రాణం మీదకు తెచ్చే పని. అసలు ఏ వాల్వ్ ఎవరికి? మాత్రతో ఎలా మెలగాలి? వివరాలు చూద్దాం.

వాల్వ్ ఎందుకు మార్చాలి?

గుండెలో నాలుగు వాల్వ్‌లు ఉంటాయి. రక్తం వెనక్కి రాకుండా తలుపుల్లా పనిచేస్తాయి. చిన్నతనంలో గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం వీటిని, ముఖ్యంగా మైట్రల్ వాల్వ్‌ను దెబ్బతీస్తుంది. మన దేశంలో చిన్న వయసులోనే ఆపరేషన్ అవసరం కావడానికి ఇదో పెద్ద కారణం. వయసు పైబడ్డాక అయోర్టిక్ వాల్వ్ గట్టిపడటం మరో కారణం. రిపేర్‌తో సరిపోతే డాక్టర్లు ముందు అదే చూస్తారు. కుదరకపోతేనే మార్పిడి.

రెండింటికీ తేడా ఇదే

మెకానికల్ వాల్వ్: లోహం, కార్బన్ లాంటి గట్టి పదార్థాలతో చేస్తారు. దశాబ్దాల పాటు అరగదు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారుచేసిన స్వదేశీ వాల్వ్‌ను తొలిసారి 1990లో రోగికి అమర్చారు. తక్కువ ధరకు దొరికే ఈ చిత్ర వాల్వ్ ఈ రకానిదే. అయితే దీని మీద రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. అందుకే వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ లాంటి మాత్ర జీవితాంతం వేసుకోవాల్సిందే.

టిష్యూ వాల్వ్: ఆవు గుండె పైపొరతో గానీ, పంది వాల్వ్‌తో గానీ తయారవుతుంది. దేనితో చేశారో ముందే డాక్టర్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఆపరేషన్ తర్వాత సాధారణంగా 3 నుంచి 6 నెలలే రక్తం పల్చబరిచే మాత్ర ఇస్తారు. గుండె దడ లాంటి వేరే సమస్య ఉంటే ఎక్కువ కాలం వాడాలి. చిక్కేంటంటే ఇది అరుగుతుంది. సుమారు 10-15 ఏళ్లు వస్తుంది.. చిన్న వయసు వారిలో ఇంకా త్వరగా పాడవుతుంది. అప్పుడు రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చు.

ఎవరికి ఏది?

2020 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం అయోర్టిక్ వాల్వ్ విషయంలో 50 ఏళ్లలోపు వారికి మెకానికల్, 65 దాటిన వారికి టిష్యూ వైపు మొగ్గు ఉంటుంది. మధ్య వయసు వారు డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

పిల్లల్ని కనాలనుకునే మహిళలకు లెక్క వేరు. వార్ఫరిన్ గర్భంలోని బిడ్డకు హాని చేయొచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. 'నెలనెలా ఐఎన్ఆర్ టెస్ట్ ఎక్కడ చేయించుకుంటాను?' కేజీహెచ్ దగ్గర్లో ఉండేవారికి ఇది చిన్న విషయమే. అరకు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చేవారికి మాత్రం ప్రతి టెస్టూ ఒక రోజు కూలీ పోయినట్టే. అందుకే దగ్గర్లో ల్యాబ్ లేకపోతే ఆ సంగతి ముందే సర్జన్‌కు చెప్పాలి.

ఐఎన్ఆర్ ఎంత ఉండాలి?

మాత్ర వాడని వారిలో ఇది 1 దగ్గర ఉంటుంది. మెకానికల్ అయోర్టిక్ వాల్వ్ ఉంటే సాధారణంగా 2-3, మైట్రల్ అయితే 2.5-3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే గడ్డకట్టే ముప్పు.. పెరిగితే రక్తస్రావం. మీకు ఎంత ఉండాలన్నది మీ డాక్టరే చెప్పాలి.

ఆకుకూరలు తినొచ్చా?

తినొచ్చు. తోటకూర, పాలకూర, మునగాకులో విటమిన్ కె ఎక్కువ. అది మాత్ర ప్రభావాన్ని తగ్గిస్తుంది. కానీ సమస్య తినడంతో కాదు.. ఒక్కసారిగా పెంచడం, ఒక్కసారిగా మానేయడంతో. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అదే కొనసాగించాలి. మాత్ర మోతాదును దానికి తగ్గట్టు డాక్టర్ సరిచేస్తారు. ఆనపకాయ, బీరకాయ, వంకాయలతో పెద్దగా ఇబ్బంది లేదు. కార్తీక మాసం ఉపవాసాలు, దీక్షల సమయంలో తిండి మారితే ఐఎన్ఆర్ కూడా మారుతుంది. ముందే డాక్టర్‌కు చెప్పి టెస్ట్ చేయించుకోవాలి.

ఈ తప్పులు చేయొద్దు

* ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.
* ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కండకు సూది వేయించుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి వాపు రావచ్చు.
* మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయోటిక్స్ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. ఏ మందు రాసినా 'వాల్వ్ మాత్ర వాడుతున్నా' అని చెప్పాలి.
* ఒక డోసు మర్చిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి. మరుసటి రోజు రెండు కలిపి వేసుకోకూడదు.
* పన్ను తీయించుకోవాలంటే మాత్ర సొంతంగా ఆపొద్దు. ముందు గుండె డాక్టర్‌ను అడగాలి. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయోటిక్ కూడా అవసరం కావచ్చు. ఇది రెండు రకాల వాల్వ్‌లకూ వర్తిస్తుంది.
* టెస్ట్ అక్కర్లేని కొత్త మాత్రలకు మారొద్దు. మెకానికల్ వాల్వ్ రోగులపై డబిగాట్రాన్‌తో చేసిన ట్రయల్‌ను గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువ కావడంతో 2012లో ఆపేశారు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

వాల్వ్ టిక్ టిక్ శబ్దం తగ్గినా, ఆగినా.. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా.. మూతి వంకర పోయినా, మాట తడబడినా.. మలం నల్లగా వచ్చినా.. తలకు దెబ్బ తగిలినా 108కి ఫోన్ చేయాలి. పైకి గాయం కనిపించకపోయినా తల దెబ్బను తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక ఖర్చు విషయానికొస్తే, ఏపీలో వాల్వ్ మార్పిడి ఆపరేషన్లు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కిందకు వస్తాయి. అర్హులు ఆస్పత్రిలోని వైద్యమిత్రను అడగొచ్చు.

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. మాత్ర మోతాదు మార్చే ముందు మీ డాక్టర్‌ను తప్పనిసరిగా సంప్రదించండి.