దక్కన్ బసాల్ట్ క్వారీల స్ఫటికాలు

మహారాష్ట్రలో పుణె, నాసిక్, జల్‌గావ్, ముంబయి చుట్టుపక్కల ఉన్న నల్లరాతి (బసాల్ట్) క్వారీలు జియోలైట్ వర్గపు ఖనిజాలకు ప్రపంచంలోనే పేరుపడ్డ సేకరణ స్థలాలు. వీటిలో ఏదీ స్ఫటికాల కోసం తవ్వింది కాదు. రోడ్లకు, భవనాలకు కంకర కావాలి కాబట్టి కొండను పేలుస్తారు, ఆ పేలుడులో ఒక్కోసారి రాతి కడుపులోని గూడు బయటపడుతుంది. చూసే కన్ను ఎవరిదైనా అక్కడ ఉంటే నమూనా దక్కుతుంది, లేకుంటే అది కూడా క్రషర్‌లో పడి కంకర అవుతుంది. యూరప్, అమెరికా మ్యూజియాల్లోని భారతీయ జియోలైట్లలో చాలా భాగం ఇలా దక్కినవే.

పుట్టుక

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమ భారతంలో నేల చీలి లావా విడతలు విడతలుగా పారింది. అలా పేరుకున్న దక్కన్ ట్రాప్స్ నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉన్నాయి. పశ్చిమ కనుమల్లో ఆ పొరల మందం రెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. లావా గడ్డకట్టేటప్పుడు బయటికి పోలేని వాయువులు లోపల బుడగలుగా నిలిచిపోయాయి. ఆ తర్వాత వేడెక్కిన భూగర్భజలం రాతిలోకి ఇంకి, అందులోని గాజును, ఫెల్డ్‌స్పార్‌ను కరిగించుకుని, ఆ ఖాళీల్లో కొత్త ఖనిజాలుగా పేర్చింది. ఇదంతా ఒకే దఫాలో జరగలేదు. అపోఫిల్లైట్ అనే ఖనిజపు కొన్ని స్ఫటికాల వయసు లెక్కగడితే అవి లావా చల్లారిన కోట్ల ఏళ్ల తర్వాత ఏర్పడ్డాయని తేలింది. ఒకే గూటిలో కాల్సైట్ మీద స్టిల్‌బైట్, దాని మీద అపోఫిల్లైట్ వరుసగా కనిపించడానికి కారణం అదే.

స్టిల్‌బైట్ లేత గులాబీ రంగులో, నడుము దగ్గర బిగించిన వరికట్టలా ఉంటుంది. స్కోలెసైట్ తెల్లని సూదులుగా నలువైపులా విచ్చుకుంటుంది. అపోఫిల్లైట్ ఈ గూళ్లన్నిటా తోడుగా ఉన్నా, దాని అణువుల అమరిక పొరలు పొరలుగా ఉన్నందువల్ల జియోలైట్ల లెక్కలోకి రాదు.

ముఖ్య స్థలాలు

పుణెకు తూర్పున, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) వెళ్లే దారిలో ఉన్న వాఘోలి వీటన్నిటిలో ప్రత్యేకం. కాల్షియం, వెనేడియం, సిలికాలతో ఏర్పడే నీలి ఖనిజం కావన్‌సైట్‌ను మొదట అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో కనుగొని 1973లో శాస్త్రీయంగా వర్ణించారు. అక్కడ దొరికినవి చిన్న స్ఫటికాలు. 1980ల చివర వాఘోలి క్వారీల్లో తెల్లని స్టిల్‌బైట్ మీద ముదురు నీలి గుత్తులు బయటపడటంతో ఆ ఖనిజం సేకర్తలందరి నోటా పడింది. రసాయన కూర్పు అదే అయినా అణువుల అమరిక వేరైన పెంటగొనైట్ కూడా ఇక్కడ దొరికింది, అది ఇంకా అరుదు.

నాసిక్ ప్రాంతపు పొవెల్లైట్ పొట్టి తరంగాల అతినీలలోహిత దీపం కింద పసుపుగా వెలుగుతుంది. పుణెలోని పాషాణ్ కొండ ఆకుపచ్చ అపోఫిల్లైట్‌కు, జల్‌గావ్ స్టిల్‌బైట్–అపోఫిల్లైట్ జంటకు, ముంబయిలోని ఖాందివలి ప్రెహ్నైట్‌కు, బాబింగ్టొనైట్‌కు పేరు. నగరాలు పెరిగి పాషాణ్, ఖాందివలి రెండూ ఇళ్ల మధ్యకు వచ్చేశాయి. పాత పుస్తకం పట్టుకుని వాటిని వెతకబోవడం వృథా. క్వారీ నడిచినన్నాళ్లే సేకరణ స్థలం ఉంటుంది. గతంలోనూ అంతే: 19వ శతాబ్దంలో బోర్ ఘాట్ మీదుగా రైలు మార్గం తొలిచినప్పుడు జియోలైట్లు బయటపడ్డాయి, పని ముగిశాక ఆ రాబడి ఆగింది.

తెలుగువారి సంబంధం

మహారాష్ట్రలో తరతరాలుగా రాయి కొట్టే వడార్ సమాజం మన వడ్డెరలకు దగ్గరిది, వారి ఇంటి మాట తెలుగు యాసే. స్ఫటికాల చరిత్ర రాసేవారు వ్యాపారుల పేర్లు, సేకర్తల పేర్లు రాస్తారు కానీ గూటిని మొదట చూసే ఈ చేతుల ఊసు సాధారణంగా ఎత్తరు. ఇక రాతి విషయానికొస్తే, దక్కన్ ట్రాప్స్ తూర్పు అంచు వికారాబాద్, సంగారెడ్డి, ఆదిలాబాద్ వైపు తెలంగాణలోకి వస్తుంది. గోదావరికి రెండు గట్ల మీద, రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ అవతల పంగిడి, దుద్దుకూరు వైపునా కనిపించే బసాల్ట్ కూడా ఆ కాలపు లావాయే. అయితే దాని ప్రసిద్ధి స్ఫటికాల వల్ల కాదు, లావా పొరల మధ్య సున్నపురాతిలో ఉన్న శిలాజాల వల్ల.

సేకరణ, జాగ్రత్తలు

1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం కట్టడపు రాయి చిన్న తరహా ఖనిజం, దాని నియమాలు రాష్ట్ర ప్రభుత్వాలవి. లీజుదారు అనుమతి లేకుండా క్వారీలో అడుగుపెట్టకూడదు, పేల్చిన గోడ కింద నిలబడకూడదు. అజంతా, ఎల్లోరా, నాసిక్ పాండవలేని గుహలు కూడా బసాల్ట్‌లో తొలిచినవే. అవి రక్షిత కట్టడాలు, సుత్తి పట్టుకెళ్లే చోట్లు కావు.

కాల్సైట్‌ను వదిలించాలని నమూనాను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే చాలా జియోలైట్లు పాడవుతాయి. సన్నని నూలుపోగుల వంటి ఓకెనైట్‌ను వేలితో తాకినా నలిగిపోతుంది. గులాబీ, ఊదా రంగుల్లో అమ్మే ఓకెనైట్ రంగు వేసినదే. స్టిల్‌బైట్ మీద జిగురుతో అతికించిన కావన్‌సైట్ కూడా అంగళ్లలో ఉంటుంది కాబట్టి మొదలు దగ్గర భూతద్దంతో చూడాలి. దొరికిన క్వారీ పేరు, ఊరు, తేదీ చీటీ మీద రాసి రాయితోపాటే ఉంచాలి. క్వారీ పూడ్చేశాక ఆ వివరం తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం.

కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చేవారు క్వారీల దారి పట్టకముందు నాసిక్ దగ్గర సిన్నర్‌లోని గార్గోటి ఖనిజ మ్యూజియం చూడాలి. పైన చెప్పిన ఖనిజాలను గుర్తుపట్టడం అక్కడ నేర్చుకున్నంత తేలిగ్గా క్వారీ దుమ్ములో నేర్చుకోలేరు.