వ.ఉ.సి. పార్కులో కడితి

కోయంబత్తూరు తెలుగిళ్ళలో ఏ పెళ్ళి పందిట్లోనైనా నలుగురు పెద్దవాళ్ళు చేరితే తెమలని తగువులు రెండున్నాయి. మొదటిది మనవాళ్ళు ఈ కొంగునాడుకి ఎప్పుడొచ్చారన్నది. మధుర విశ్వనాథ నాయకుడి కాలంలో వచ్చామనే వాళ్ళు కొందరు, అంతకు ముందే వచ్చామనే వాళ్ళు కొందరు. ఎవరి తాత చెప్పిన మాట వాళ్ళకి శాసనం. రెండోది ఈమధ్య పుట్టింది: వ.ఉ.సి. పార్కు జూ ఎవరి మూలాన పోయిందన్నది. 2022 జనవరిలో కేంద్ర జూ ప్రాధికార సంస్థ దాని గుర్తింపు రద్దు చేసింది. "ఢిల్లీవాళ్ళు మూయించారు, చెన్నైవాళ్ళు పట్టుకుపోయారు" అన్న మాట అప్పటి నుంచీ పీళమేడు మొదలు తెలుంగుపాళయం దాకా నలుగుతూనే ఉంది.

ఆ మాట ఈ వ్యాసకర్తకి గిట్టదు. అయినా అది అనేవాళ్ళ బాధ ఏమిటో తెలుసు.

1965లో మొదలైన ఆ కార్పొరేషన్ జూ చుట్టుపక్కల తెలుగు పిల్లలకి ఆదివారపు బడి లాంటిది. పొద్దెక్కకముందే ఆవారంపాళయం నుంచో సింగానల్లూరు నుంచో అవ్వ చెయ్యి పట్టుకుని బస్సెక్కితే, దిగేసరికి వేరుశనక్కాయల పొట్లం సగం ఖాళీ. లోపల బోర్డులన్నీ తమిళంలో, ఇంగ్లీషులో. పిల్లలు బడిలో నేర్చిన తమిళంలో గడగడా చదివేవాళ్ళు. తెలుగు అక్షరం అవ్వకీ రాదు, పిల్లలకీ రాదు. కానీ మాట అవ్వ దగ్గర ఉంది. పిల్ల "పుళ్ళిమాన్" అని చదివితే అవ్వ "దుప్పి" అనేది. పిల్లాడు "నరి" అంటే "నక్కరా" అని దిద్దేది. "కూళైక్కడా" అని వాడు నోరు తిరగక తంటాలు పడుతుంటే "గూడబాతు, అంతే" అని తేల్చేసేది. "కడమాన్" బోర్డు దగ్గర మాత్రం కాస్త ఆగి, "కడితి" అనేది.

ఆ ఒక్క మాట మీద ఈ వ్యాసకర్తకి ఇతరులతో పేచీ ఉంది. కోయంబత్తూరు తెలుగంటే తమిళ మాటలకి తెలుగు తోకలు తగిలించిన భాషేనని తేలిగ్గా కొట్టిపారేసే వాళ్ళు ఉన్నారు. వాళ్ళు చూపించే ఉదాహరణల్లో కడితి కూడా ఒకటి: కడమాన్ అరిగి అరిగి కడితి అయిందట. కానీ కన్నడంలో దాన్నే కడవె అంటారు. తెలుగు నిఘంటువు తీస్తే కడితి, కణితి రెండూ కనబడతాయి. ఇవన్నీ ఒక తల్లి పిల్లలు. ఒకదాన్ని ఇంకొకటి అప్పు తెచ్చుకోలేదు. అవ్వ నోట్లోని కడితి నొయ్యల్ ఒడ్డున పుట్టిన వంకర తమిళం కాదు, మూటాముల్లెతో పాటు వచ్చిన తెలుగు మాట. ఈ విషయంలో ఈ వ్యాసకర్త ఎవరికీ తలొగ్గడు.

మాట సంగతి అలా ఉంచితే, ఆ మాట మోస్తున్న జంతువు కంచె వెనక ఎలా ఉండేదో చరిత్ర రాసేవాళ్ళెవరూ పట్టించుకోలేదు. కడితి పెద్ద జింక; పడమటి కనుమల్లో మగది 200 కిలోలు దాటి పెరుగుతుంది. చీకటి పడ్డాక మేతకి బయల్దేరుతుంది. పులి వాసన తగిలితే కాలు నేలకేసి కొట్టి గండు గొంతుతో అరుస్తుంది. పార్కులో అది పట్టపగలు పిల్లల అరుపుల నడుమ కంచె వారగా నిలబడి, విసిరిన శనగ పొట్టు వాసన చూసి వదిలేసేది. మూతి రాపిడికి ఒకచోట కంచె తీగ తళతళలాడేది. పిల్లలు అక్కడే వేళ్ళు దూర్చేవాళ్ళు.

ఇప్పుడు లెక్క. వ.ఉ.సి. జూ మొత్తం 4.5 ఎకరాలు. 1963లో తెరిచిన హైదరాబాదు నెహ్రూ జూ 380 ఎకరాలు. విశాఖలో కంబాలకొండ పక్కనున్నది 625 ఎకరాలు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ అయితే 5,500 ఎకరాల పైమాటే. 1855లో మద్రాసులో పెట్టిన జూ కూడా ఊరి నడుమ ఇమడలేక 1985లో వండలూరు చేరింది. మన జూకి నాలుగు పక్కలా స్టేడియం, మైదానం, రోడ్డు. పెరగడానికి జానెడు చోటు లేదు. అధికారులు అన్నదీ అదే. కాబట్టి ఇందులో ఢిల్లీ కుట్ర వెతకడం వృథా. చోటు చాలదన్న మాట 1965లోనే ఎవరూ అనకపోవడమే విచిత్రం.

అంతకన్నా విచిత్రం పార్కు పేరులోనే ఉంది. వ.ఉ.చిదంబరం పిళ్ళై 1908 నుంచి 1910 దాకా ఈ ఊరి జైల్లో ఉన్నారు. తూత్తుకుడిలో తెల్లవాళ్ళకి పోటీగా ఓడలు నడిపిన మనిషిని ఎద్దు స్థానంలో గానుగకి కట్టి తిప్పించారు. తమిళులు ఆయన్ని 'చెక్కిళుత్త చెమ్మల్', గానుగ లాగిన మహానుభావుడు, అని తలుచుకునేది అందుకే. మనిషిని పశువులా కట్టేశారన్న కోపంతో ఊరు ఆయన పేరు నిలబెట్టుకుంది. ఆ పేరుతోనే తోట పెట్టి, అందులో పశువుల్ని బంధించింది. పార్కు గురించి రాసినవాళ్ళు బొమ్మ రైలు గురించి రాశారుగానీ ఈ ముడి విప్పలేదు.

ఇంకో సంగతి. దేశంలోని జూలకి బుద్ధులు చెప్పిన సంస్థ ఈ ఊళ్ళోనే ఉంది. మైసూరు జూ మిత్రుల సంఘం నడిపిన అమెరికా ఆవిడ శాలీ వాకర్ 1985లో జూ ఔట్‌రీచ్ ఆర్గనైజేషన్ స్థాపించారు. తర్వాత అది కోయంబత్తూరుకి తరలింది. జంతువుని ఏడిపించకూడదని, రాళ్ళు రువ్వకూడదని పిల్లలకి బొమ్మలతో, ముసుగులతో నేర్పించే పని ఆవిడ 2019లో కన్నుమూసేదాకా ఇక్కడి నుంచే సాగింది. దీపం కింద చీకటి అనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళే అయిన కంబళత్తు నాయకుల పెద్దలు మీసం దువ్వుతారు. ఉడుమలపేట దగ్గర సోమవారపట్టి ఆల్కొండమాల్ గుడికి పొంగలి నాడు వాళ్ళు సలగెరుదుని ఆడిస్తూ తీసుకెళతారు. దేవుడికి వదిలిన ఆ ఎద్దుని కాడి కట్టరు. "పశువుని ఎలా చూడాలో మాకు చట్టం చెప్పాలా?" అని వాళ్ళ ప్రశ్న. గొప్ప ఆచారమే, కాదనడానికి లేదు. కానీ అదే తెలుగిళ్ళ వసారాలో నిన్నమొన్నటి దాకా రామచిలక పంజరం వేలాడేది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని చెబితే నవ్వేవాళ్ళు. మధుర మీనాక్షి గుళ్ళో పొట్రామరై కోనేటి పక్కన కిళికూట్టు మండపం పేరే చిలకల గూళ్ళది. అమ్మవారి పేరు పలికించడానికి అక్కడ చిలకల్ని పెంచేవారు. ఇప్పుడు గూళ్ళు లేవు, పేరు మిగిలింది. అదే గుళ్ళో పార్వతి అనే ఏనుగుకి కంట్లో శుక్లం వస్తే 2022లో థాయిలాండ్ వైద్యుల్ని రప్పించారు. ఇలా కట్టేసుకోవడం ప్రేమ తక్కువై కాదు, అడవి జంతువు ఉండాల్సిన చోటు మన గడప కాదన్న సంగతి తట్టక.

2024లో పార్కులోని చుక్కల దుప్పుల్ని శిరువాణి కొండల కింద అడవిలో వదిలారు. ఆ వార్త చదివి "పోనీలే, కొండ చేరాయి" అన్న అవ్వలూ ఉన్నారు, "ఇంక పిల్లలకి ఏం చూపిస్తాం?" అన్న అవ్వలూ ఉన్నారు.

ఎండాకాలం సెలవుల్లో ఆవారంపాళయం కుటుంబం ఒకటి చెన్నై వెళ్ళి వండలూరు చూసింది. దూరంగా చెట్ల నీడలో పెద్ద కొమ్ములు కదిలాయి. తొమ్మిదేళ్ళ పిల్ల తమిళ బోర్డు చదివి, నాన్న ఫోను లాక్కుని ఇంటికి చేసింది.

"అవ్వా, కడమాన్‌ని మనం ఏమంటాం?"

"కడితి" అంది అవ్వ. ఫోను స్పీకర్లో ఉన్నట్టుంది, వెనక నుంచి పెద్దత్త అరుపు వినిపించింది: "కడితి కాదు, కణితి!"