లంద కాడి చట్టం

మా మాదిగపల్లెలో నాలుగు లందలుండేవి. ఒకటి మాది. తంగేడు చెక్క నానిన నీళ్లలో తోళ్లు ఊరుతుండేవి. ఆ వాసన నా పలకకు కూడా అంటిందని బళ్లో పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఆ వాసనలోనే చదువుకుని లా కాలేజీ దాకా వచ్చాను. అక్కడ మా నాయన పనికి పేరు దొరికింది: అసంఘటిత రంగం. చట్టం అందని చోట, లెక్కకు రాని పని అని అర్థం చెప్పారు.

నాకు నవ్వూ వచ్చింది, మంటా వచ్చింది.

మా పనికంటే గట్టిగా కట్టిన పని ఊళ్లో ఇంకోటి ఉందా? మా ఇంటికి పదకొండు రైతిళ్లు వంతు. ఏ ఇంటికి ఏడాదికి ఎన్ని జతల చెప్పులు, ఏ మోటకు ఎవరు తొండం కుట్టాల, ఎవరి గొడ్డు చస్తే ఎవరు మొయ్యాల, ఏ చావుకు ఎవరు డప్పు కొట్టాల, అన్నీ మా తాత పుట్టకముందే తేలిపోయినయి. తేలనిది కల్లం కాడ మేర ఒక్కటే. పంట పోతే మేర పోయేది. చెప్పుల జత తగ్గేది కాదు. దీన్ని సంఘటితం కాని పని అంటే ఎట్లా? కట్టు లేక కాదు, లెక్క రాసే చెయ్యి మాది కాక.

చట్టం అందలేదన్న మాటా అబద్ధమే. మద్రాసు ప్రెసిడెన్సీ పాత చట్టాలు తిరగేస్తే అడుగడుగునా మేమే. 1858లో ఒక చట్టం వచ్చింది. చెరువులకూ కాలవలకూ ఆచారం ప్రకారం చెయ్యాల్సిన చాకిరీ ఎగ్గొడితే దాని విలువకు రెండింతలు కట్టాలంది. ఊరంతటి పని అని చట్టం మాట. తట్ట ఎత్తిందెవరో చెప్పాలా? 1859లో ఇంకోటి. బయానా తీసుకున్న పనివాడు పని మానేసి, మేజిస్ట్రేటు చెప్పినా వినకపోతే మూడు నెలల జైలు. కూలి ఎగ్గొట్టిన యజమానికి అందులో జైలు లేదు. ఆ చట్టాన్ని తీసేస్తూ చట్టం చేసింది 1925లో. 1882 అడవి చట్టంతో రిజర్వు అడవిలో చెట్టు చెక్క కూడా సర్కారు సొత్తయింది. తోలు ఊరబెట్టడానికి చెక్క తెచ్చుకున్నవాడు దొంగయ్యాడు. తంగేడు చెక్కతో ఊరిన తోళ్లు మాత్రం మద్రాసు రేవు నుంచి లండన్‌కు పోతూనే ఉన్నాయి.

తెల్లవాడు రాకముందు మాకేదో స్వర్గం ఉండేదని నేననను. ఊరు వేసిన ముడిని వాడు విప్పలేదు, కాగితం మీదికెక్కించాడు.

ఈ సంగతి బాబాసాహెబ్ ముందే చూశాడు. మహార్ల వతన్ చాకిరీకి 1874 నాటి బొంబాయి చట్టం కాపలా కాస్తుండేది. దాన్ని సవరించమని 1928లో ఆయన బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. గింజలకు బదులు డబ్బు ఇవ్వాలనీ, వతన్ వద్దన్నవాడికి చాకిరీ నుంచి విడుదల ఉండాలనీ ఆయన వాదన. బిల్లు నెగ్గలేదు.

స్వతంత్రం వచ్చినాక? 1948 ఫ్యాక్టరీల చట్టం ఒక గీత గీసింది. కరెంటుంటే పదిమంది, లేకపోతే ఇరవైమంది పనిచేసే చోటే ఫ్యాక్టరీ. మా లంద కాడ మేం నలుగురం. గీతకు ఇవతలే ఉండిపోయాం. 2020లో వచ్చిన కోడు ఆ గీతను ఇరవైకీ నలభైకీ జరిపింది.

ఒక్క 1976 వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం మాత్రం మమ్మల్ని చూసింది. ఆచారం వల్ల గానీ, ఫలానా కులంలో పుట్టినందువల్ల గానీ మెడకు పడిన చాకిరీ కూడా వెట్టేనని రాసింది. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అయితే అది చెల్లుకొట్టింది మేం బాకీ ఉన్నామన్న అప్పును. తరాల చాకిరీకి ఊరు మాకు పడ్డ బాకీ మాట అందులో లేదు.

మోటలు పోయి మోటార్లొచ్చినయి. రబ్బరు చెప్పులొచ్చినయి. లంద పూడింది. నాయన టౌనుకు పోయి రోడ్డు పక్కన గోనెపట్టా పరిచాడు. రోజూ ఆశీలు కట్టాడు. వసూలు చేసుకునేటప్పుడు ఆయన లెక్కలో ఉన్నవాడే.

2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వచ్చింది. ఆ తర్వాత కార్డు కోసం నాయన్ని ఒక ఆఫీసుకు తీసుకుపోయాను.

"పని ఇచ్చినోడెవరు పెద్దాయనా?" అన్నాడు గుమాస్తా.

నాయన వేళ్లు మడుస్తూ పదకొండు ఇళ్ల పేర్లు చెప్పాడు. గుమాస్తా నవ్వాడు. "యజమాని ఒకడుండాలయ్యా. అంతమందిని ఏడ రాసేది? సొంత పని అని రాస్తా."

నాయన కాసేపు ఆ కాగితం వంక చూశాడు. "సొంతమైతే ఎప్పుడో మానుకునేవోణ్ణి గదయ్యా," అన్నాడు.

గుమాస్తా రాసింది కొట్టెయ్యలేదు.

చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేదొకటే. మమ్మల్ని చట్టంలోకి తెస్తామని ఎవరైనా అంటే, మేం బయట ఎప్పుడున్నామని అడగండి. కొత్త కార్డు కాదు ముందు కావాల్సింది. పాత లెక్క తియ్యాల. అందులో ఆ పదకొండు ఇళ్ల పేర్లూ ఉండాల.