ఎడింబరోలో అడిగినది, డోర్నకల్లులో వెదికినది



స్నేహమనే మాటకు సంస్కృతంలో చమురు అనే అర్థం కూడా ఉంది. దీపంలో పోసే నూనె స్నేహమే. రెండు వస్తువుల నడుమ రాపిడి తగ్గించే జిడ్డూ స్నేహమే. బండి ఇరుసుకు కందెన వేసే మన రైతుకు నిఘంటువు చూడకుండానే ఈ అర్థం తెలుసు. ఇరుసూ చక్రమూ ఒకటి కావు, ఒకటి కానక్కరా లేదు. నడుమ చమురుంటే బండి కదులుతుంది.

క్రైస్తవుల వాడుకలో దీనికి పక్కన నిలిచే మాట మరొకటి ఉంది, సహవాసం. కలిసి వసించడం అని దాని అర్థం. ఆదిమ క్రైస్తవ సంఘపు కలివిడిని చెప్పడానికి తెలుగు బైబిలు అనువాదకులు ఈ మాటనే ఎన్నుకున్నారు. అయితే సహవాసం ఉన్నచోటల్లా స్నేహం ఉంటుందా? ఒకే కప్పు కింద, ఒకే దేవుణ్ణి కొలుస్తూ, ఒకరి ఇంట ఒకరు మంచినీళ్ళు తాగకుండా తరాలు గడపవచ్చు. ఈ ప్రశ్నను ప్రపంచం ముందు నిలువునా పెట్టిన మనిషి మా ప్రాంతంలోనే 35 ఏళ్ళకు పైగా నివసించి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. క్రైస్తవేతరులకు ఆయన పేరు అంతగా తెలియదు. అందుకే ఈ టపా.

ముందు ఊళ్ళ సంగతి చెప్పాలి. నేనుండేది ఖమ్మం జిల్లా ముదిగొండలో. చరిత్ర చదివినవారికి ముదిగొండ చాళుక్యులు గుర్తుకు రావచ్చు. కాకతీయులు బలపడకముందు ముదిగొండ నుంచి కొరవి దాకా ఉన్న నేల వారి ఏలుబడిలో ఉండేది. ఆ కొరవి సీమకు చేరువలోనే డోర్నకల్లు ఉంది. ఖమ్మం దాటి కాజీపేట వైపు రైలులో పోతే తగిలే జంక్షను అది. కొత్తగూడెం బొగ్గుగనుల వైపు, అంటే భద్రాచలం అడవుల వైపు, పోయే రైలు శాఖ అక్కడే చీలుతుంది. నిజాం కాలంలో అది రైలూ బొగ్గూ కలిసి పెంచిన చిన్న ఊరు. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది.

మా సీమలో క్రైస్తవం డోర్నకల్లుతో మొదలు కాలేదు. అంతకు ముందే, 1860ల ప్రాంతంలో, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల నడుమ ఒక మిషను వెలిసింది. గోదావరిలో పడవలు నడపడానికి ఆనకట్టలూ కాలువలూ కడుతున్న రోజులవి. ఆ పనుల మీద వచ్చిన హేగ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు దానికి మూలపురుషుడు. అయితే కోయగూడేలకు తొలుత వెళ్ళి బోధించినవారు వెంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి. పడవల పథకం మధ్యలో ఆగిపోయింది. మిషను మాత్రం నిలిచింది. తరువాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వ్రాసిన వ్యాసాలు నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నాయి. ఇంజనీరు పేరు చరిత్రలో ముందుంటుంది, గుమాస్తా పేరు వెతికితేగాని దొరకదు. అజరయ్య ప్రశ్నకు బీజం ఈ తేడాలోనే ఉంది.

అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునెల్వేలి ప్రాంతపు వెల్లాలన్‌విలై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆంగ్లికన్ గురువు. పుట్టింది నాడార్ కులంలో. తాటిచెట్టు గీసి బతికినవారని పై కులాలు చిన్నచూపు చూసిన కులమది. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరారు. అక్కడే షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా యువకుడితో గాఢమైన మైత్రి కుదిరింది. తెల్లవాడు, నల్లవాడు సమానంగా స్నేహం చేయగలరని ఆయనకు అనుభవంలో తెలుసు. అది ఎంత అరుదో కూడా తెలుసు.

1902లో ఆయన యాళ్పాణం, అంటే జాఫ్నా, వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే మిషను నడుపుకోవడం చూసి, మనమెందుకు చేయకూడదని తలచారు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. దానికి డబ్బు తమిళ క్రైస్తవులది, మనుషులూ వారే. వారు ఎన్నుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్లు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపురంలో నేషనల్ మిషనరీ సొసైటీ స్థాపనలోనూ ఆయనది ముఖ్యపాత్ర. ఊరూరా తిరిగి ఇతరులను పంపుతున్నవాడు తాను వెళ్ళకపోతే ఎలా? 1909లో గురువుగా అభిషేకం పొంది, వై.ఎం.సి.ఎ. పదవి వదులుకుని డోర్నకల్లు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. పొరుగు భాషే కదా అనిపించవచ్చు గాని, ప్రార్థన చెప్పించేంత, పల్లెవాడి కష్టం వినేంత తెలుగు నడివయసులో పట్టుబడడం తేలిక కాదు. భాష చెప్పిన వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఈ సంగతిని నేను ప్రత్యేకంగా గౌరవిస్తాను.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లండు రాజధాని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దాదాపు 1,200 మంది ప్రతినిధులు వచ్చారు. ఆసియావాసులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అక్కడ అజరయ్యకు ఇచ్చిన విషయం విదేశీ మిషనరీలకూ స్థానిక సేవకులకూ మధ్య సహకారం. ఆయన నీళ్ళు నమలలేదు. మిషనరీకీ దేశీయ సేవకుడికీ మధ్య ఉన్నది యజమానికీ నౌకరుకూ మధ్య ఉండే సంబంధమని, ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళడం, కలిసి భోంచేయడం అరుదని చెప్పారు. మిషనరీల త్యాగాన్ని తక్కువ చేయలేదు. ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అందుకు భారతీయ సంఘం ఎన్నటికీ కృతజ్ఞత చెబుతుందని అంటూనే, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులు కావాలి అని ముగించారు. సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరు మౌనం వహించారు. ఆ సభ ప్రసంగాలలో నేటికీ ఎక్కువగా తలచుకునేది ఇదే.

దానం ఇచ్చే చేయి పైన ఉంటుంది, పుచ్చుకునే చేయి కింద ఉంటుంది. స్నేహంలో రెండు చేతులూ ఒకే ఎత్తులో ఉండాలి. ఎడింబరోలో ఆయన అడిగిన దానిని నేను ఇలా అర్థం చేసుకున్నాను.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయనను బిషప్‌గా చేయాలని ప్రతిపాదించినప్పుడు ఎన్నో అడ్డంకులు వచ్చాయి. నల్ల బిషప్ కింద తెల్ల గురువులు పనిచేస్తారా అన్నది కొందరి శంక. ఆయన కులాన్ని గుర్తుచేసి పెదవి విరిచిన భారతీయులూ లేకపోలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో అభిషేకం జరిగింది. ఆయనకప్పుడు 38 ఏళ్ళు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945లో కన్నుమూసే వరకు ఒక డయోసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయన ఒక్కరే. ముప్పై రెండేళ్ళలో రెండో మనిషి దొరకలేదంటే ఎడింబరో ప్రశ్నకు వచ్చిన జవాబు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

తెల్లవారిని స్నేహం అడగడం ఒక ఎత్తు. తానే అధికారి అయిన తరువాత కింది వారితో స్నేహంగా ఉండడం మరొక ఎత్తు. అజరయ్యకు అసలు పరీక్ష డోర్నకల్లులోనే ఎదురైంది. ఆయన సంఘంలో అత్యధికులు మాలలు, మాదిగలు. భూమి లేదు, చదువు లేదు, పగలంతా దొర పొలంలో పని. అందుచేత ఆరాధన, చదువు రెండూ చుక్కలు పొడిచాక, దీపం వెలుగులోనే. ఆయన ఎడ్లబండి మీద, కాలినడకన పల్లెలు తిరిగేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు, ఈ నాలుగింటినీ పల్లెను పట్టిన దయ్యాలుగా ఎంచి పోరాడారు. తాగుడు మానితే అప్పు తగ్గుతుంది, అప్పు తగ్గితే దొర పట్టు సడలుతుంది, బిడ్డ బడికి వస్తాడు. వరుసలో దేనిని కదిల్చినా మిగిలినవి కదులుతాయని ఆయన గ్రహించారు.

ఈ పని మోసినవారు పల్లె ఉపాధ్యాయులు. పగలు అక్షరాలు దిద్దించి, రాత్రి ప్రార్థన చేయించి, జ్వరం వస్తే మందిచ్చి, తగవు వస్తే పెద్దరికం వహించిన దంపతులు వారు. డోర్నకల్లులో గురువులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ చదువు చెప్పేవారు. అజరయ్య సతీమణి అన్బు మరియమ్మాళ్ ఆ కాలంలో కాలేజీ చదువు చదివిన అరుదైన దక్షిణాది స్త్రీలలో ఒకరు. 1935 ప్రాంతానికి ఆ డయోసిస్‌లో దాదాపు 250 మంది భారతీయ గురువులు, 2,000 మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. వీరిలో చాలామంది పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. బడిపంతులుగా బతికిన నాకు, ఈ చరిత్రలో అందరికన్నా దగ్గరివారు వారే.

కొత్తవారికి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు వారి చేతిని వారి తల మీదనే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారట. అక్షరం రాని కూలివాడినీ బోధకుడిగా నిలబెట్టే పద్ధతి ఇది. తీసుకునేవాడు వెంటనే ఇచ్చేవాడు కూడా కావాలి. మా ప్రాంతపు సంఘాలలో, వంటకు బియ్యం పోసేటప్పుడు పిడికెడు విడిగా తీసి ఆదివారం గుడికి తెచ్చే ఇల్లాళ్ళను నేను చూశాను. ఆ పిడికెడు బియ్యం వెనుక ఉన్న ఆత్మగౌరవం అర్థమైతే అజరయ్య అర్థమైనట్లే.

పాటల సంగతి చెప్పకపోతే నా పాండిత్యానికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. తెలుగు క్రైస్తవులకు పాశ్చాత్య బాణీలు ఒక్కటే దిక్కు కాలేదు. అజరయ్యకు చాలా ముందే పురుషోత్తమ చౌదరి (1803-1890) కర్ణాటక రాగతాళాలలో కీర్తనలు రచించి పునాది వేశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిస్తే పాట పైన రాగమూ తాళమూ కనిపిస్తాయి. అజరయ్య ఈ దేశీయ మార్గాన్నే ఆదరించారు. భజనలను, పల్లె పండుగల సందడిని గుడిలోకి రానిచ్చారు. డోర్నకల్లు కథీడ్రల్ చూసినవారికి ఇదంతా రాతిలో కనిపిస్తుంది. గుమ్మటాలూ మీనార్లూ మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు దేవాలయ మండపాన్ని. ఏళ్ళ తరబడి సాగిన ఆ కట్టడం 1939 జనవరి 6న ప్రతిష్ఠ పొందింది.

ఇక చేదు నిజం. దయ్యాలు నాలుగే కావు, అయిదవది కులం. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘంలో మాదిగలు వేలాదిగా చేరితే, మరికొన్ని మిషన్లలో మాలలు ముందు చేరారు. ఒక కులం చేరిన గుడికి రెండవ కులం రావడానికి జంకేది. సంఘంలో చేరాక కులం మాట ఉండరాదని, ఒకే పాత్రలో నుంచి ప్రభురాత్రి భోజనం పుచ్చుకోవాలని అజరయ్య పట్టుపట్టారు. కొన్నిచోట్ల మార్పు వచ్చింది, కొన్నిచోట్ల రాలేదు. ఎడింబరోలో తెల్లవారిని అడిగిన ప్రశ్ననే ఆయన మాలపల్లెలోనూ మాదిగగూడెంలోనూ అడగవలసి వచ్చింది. ఇది ఆయన ఓటమి అనను. ప్రశ్న ఎంత లోతైనదో ఇందువల్ల తెలుస్తుంది.

పొరుగువారి విషయంలోనూ ఆయనది ఇదే దృష్టి. 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు ఆయన వ్యతిరేకించారు. ఓటు కోసం గోడ కట్టుకుంటే పొరుగువాడితో చెలిమి చెడుతుందని ఆయన భయం. మతమార్పిడుల విషయమై 1930లలో గాంధీజీతో విభేదించారు. పేదలు ఆశకు లోబడి మతం మారుతున్నారన్న విమర్శకు, మారిన వారి బతుకులు చూడండి అన్నదే ఆయన సమాధానం. ఇద్దరూ ఖద్దరును, మద్యనిషేధాన్ని, పల్లెను ప్రేమించినవారే. ఎవరి పక్షం సరైనదో పాఠకులే తేల్చుకోవచ్చు. అంటరానివాడికి తన దేవుణ్ణి తాను ఎన్నుకునే తెలివి ఉన్నదని నమ్మడం కూడా అతడిని సమానుడిగా చూడడమేనని మాత్రం నాకు తోస్తుంది.

క్రైస్తవ శాఖలు ఏకం కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన ప్రయత్నానికి ఆయనే ముందు నిలిచారు. 1945 జనవరి 1న డోర్నకల్లులో మరణించారు. ఆయన కోరిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, ఏర్పడింది. కళ్ళారా చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

నేటి మాట ఒకటి చెప్పి ముగిస్తాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డు కులంవాడు కాడు; మన రాష్ట్రాలలో వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలోకి వస్తాడు. ఉత్తర్వును తరువాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. అందువల్ల హాజరుపట్టీలో ఒక పేరు, గుడిలో మరొక పేరు ఉన్న పిల్లలను నేను ఏళ్ళ తరబడి చూశాను. హాజరు పిలిచేటప్పుడు ఒక పేరుకు పలికి, బయట నేస్తాలు మరో పేరుతో పిలిస్తే పరుగెత్తేవారు. ఊరు వారిని మతం మారినా వాడవారుగానే చూసింది, కాగితం మాత్రం మారిపోయారంది.

ఇటువంటి చోట చిన్న సంఘం ఏమి చేయగలదు? చట్టాన్ని మార్చలేదు. పిల్లవాడి రెండు పేర్లూ తెలిసి, రెండింటినీ ఆప్యాయంగా పిలవగలదు. జబ్బుపడ్డవారి మంచం పక్కన, వారు ఏ గుడివారైనా, కూర్చోగలదు. పక్క గూడెంవారితో ఒకే పంక్తిలో అన్నం తినగలదు. ఎడింబరోలో అజరయ్య అడిగినది ఇంతకు మించి కాదు. గుడి లేని మనమూ ఆ పని చేయవచ్చు.

డోర్నకల్లు మీదుగా ప్రయాణించే మిత్రులు ఒక పూట ఆగి ఆ కథీడ్రల్‌ను చూడవలసిందిగా మనవి.