సీసా మీద ఊరి పేరు

పాత కొట్టు గుమ్మం పైన వేలాడే రేకు బోర్డు అడుగున ‘గజపతినగరం, విశాఖపట్నం జిల్లా’ అని ఉంటే, అది 1979 జూన్ 1కి ముందు రాయించినదని ధైర్యంగా చెప్పొచ్చు. విజయనగరం జిల్లా పుట్టింది ఆ రోజునే. అంతవరకూ గజపతినగరం విశాఖ జిల్లాలోది. ఇక్కణ్ణుంచి ఘాటీ వైపు వెళ్తే వచ్చే సాలూరు మాత్రం అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడకముందు అదీ విశాఖదే. 1979లో సాలూరు కూడా విజయనగరం జిల్లాలో చేరింది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అంటే సాలూరు బజారులో ఒకే కొట్టు, ఉన్నచోటు నుంచి కదలకుండానే నాలుగు జిల్లాల చిరునామాలు రాసుకుంది. మధ్యలో ఇంకో మలుపు కూడా ఉంది. 1969 నవంబరులో సాలూరు తాలూకా నుంచి 63 ఊళ్లు, బొబ్బిలి తాలూకా నుంచి 44 ఊళ్లు గజపతినగరం తాలూకాలోకి మారాయి. ఆ ఊళ్ల వ్యాపారుల బిల్లు పుస్తకాల్లో జిల్లా పేరు అప్పుడే మారి ఉండాలి.

పాత వస్తువులు పోగుచేసేవాళ్లకు చిరునామా మొదటి ఆధారం. దాని తర్వాత మిగతావి చూసుకోవాలి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు సరుకు అయ్యుండాలి. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. బర్మాషెల్ పేరున్న ఎనామిల్ బోర్డు 1928కి, 1976కి మధ్యది. ఆ కంపెనీ పుట్టిందీ, జాతీయమయిందీ ఆ సంవత్సరాల్లోనే. ‘ఎస్సో’ బోర్డయితే 1974 దాటదు. లాంతరు మీద ‘బి.ఎన్.ఆర్.’ అని పోతపోసి ఉంటే అది బెంగాల్ నాగపూర్ రైల్వే నాటిది.

ఆ రైలే ఈ ప్రాంతపు బజారుని తయారుచేసింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908-09లో పడింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకి కొమ్మ లైను వేశారు. 1931కి పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా దారి పూర్తయింది. గజపతినగరం స్టేషను విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య ఉంటుంది. విశాఖ ఓడరేవు 1933లో గానీ తెరుచుకోలేదు. దానికి ముందు ఓడలు భీమునిపట్నం, కళింగపట్నం ఎదుట సముద్రంలో లంగరేసేవి. మన పొలాల్లో పండే గోగునారకి ‘బిమ్లీ జూట్’ అని ప్రపంచ మార్కెట్లో పేరొచ్చింది భీమునిపట్నం వల్లే. మన రేవు పేరే ఒక సరుకు గుర్తు అయిందన్నమాట. కొండ నుంచి చింతపండు, పసుపు దిగేవి. కింది నుంచి ఉప్పు, కిరసనాయిలు, సబ్బులు, అగ్గిపెట్టెలు పైకెక్కేవి. మానాపురం సంత, రామభద్రపురం సంత ఈ దారి మీదివే.

బొబ్బిలి యుద్ధం 1757లో జరిగిందని బడిపిల్లలు కూడా చెబుతారు. ఈ దారిలో మొదటి సోడా మర ఎక్కడ పెట్టారో, ఎనామిల్ బోర్డు మొదట ఏ కొట్టు మీదికెక్కిందో వాళ్లకు చెప్పగలిగే పుస్తకం లేదు. ఆ చరిత్ర రాసి ఉన్నది సీసాల మీద, డబ్బాల మీద, చెక్కపెట్టెల మీద, రేకుల మీద. అవి కిలోల లెక్కన పాత సామాన్ల బండి ఎక్కేస్తున్నాయి. నా బాధంతా అక్కడే.

అన్నిటికన్నా ముందు గోలీ సోడా సీసా గురించి చెప్పాలి. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1872లో దానికి పేటెంటు తీసుకున్నాడు. పని తీరు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మెడ లోపల రబ్బరు చుట్టు ఉంటుంది. సీసాని తలకిందులు చేసి గ్యాసు నీళ్లు నింపుతారు. గోలీ జారి మూతి దగ్గరికి వస్తుంది. సీసాని నిలబెట్టినా గ్యాసు ఒత్తిడి గోలీని రబ్బరుకి అదిమిపెట్టే ఉంచుతుంది. బిరడా అక్కర్లేదు, రేకు మూత అక్కర్లేదు. తాగేటప్పుడు గోలీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడ దగ్గర రెండు నొక్కులు పెట్టారు. సోడా కొట్టిన చప్పుడు వీధి చివరికి వినిపించేది.

1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూత కనిపెట్టాక ఇంగ్లండులో కాడ్ సీసా మెల్లగా వెనకబడింది. అక్కడి పిల్లలు గోలీ కోసం సీసాలు పగలగొట్టేవారు. అందుకే పాతవి ఇప్పుడక్కడ వెల పలుకుతాయి. ముదురు నీలం గాజువైతే మరీను. జపానులో ‘రామునే’ పేరుతో అదే సీసా ఇప్పటికీ నడుస్తోంది. మన దేశంలో అది బతకడానికి కారణం ఖర్చు. ప్రతిసారీ కొత్త మూత కొనే పని లేదు. చేత్తో తిప్పే ఒక మర, ఒక గ్యాసు సిలిండరు, నూతి నీళ్లు ఉంటే చిన్న ఊళ్లో కూడా సోడా కొట్టు పెట్టుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో హాథ్రస్ దగ్గరి సాస్నీలో ఈ సీసాలు పోసే గాజు కార్ఖానా మన కాలం దాకా నడిచింది. 2025లో గోలీ సోడా కొత్త పేరుతో గల్ఫ్ దేశాల దుకాణాలకు ఎగుమతి అయిందని కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది.

సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలు ఎందుకు పోయించేవారో ఆలోచించండి. సోడా తాగినవాడు కొనేది నీళ్లని. సీసా కార్ఖానాదే. అది తిరిగి రావాలి. పక్క ఊరి సోడావాడు దాన్ని పట్టుకుపోయి తన నీళ్లు నింపుకోకుండా యజమాని తన పేరూ ఊరి పేరూ గాజులోనే పోయించేవాడు. కాయితం చీటీ ఊడిపోతుంది, రంగు చెరిగిపోతుంది, గాజు అక్షరం మాత్రం సీసా పగిలేదాకా ఉంటుంది. ఏ పంచాయతీ రికార్డులోనూ కనబడని ఒక చిన్న కార్ఖానాకి ఆ సీసా ఒక్కటే సాక్ష్యం. అక్షరాల్లేని సీసా పది దొరికినా ఊరి పేరున్న సీసా ఒక్కటి వాటన్నిటికన్నా విలువైనదని నేనంటాను. బేరంలో అది తక్కువ పలికినా సరే.

తెలుగువాళ్ల సోడా కథల్లో పెద్దది రామచంద్రపురానిది. గోదావరి ఒడ్డు ప్రాంతపు ఆ ఊళ్లో అద్దూరి రామచంద్రరాజు, జగన్నాథరాజు సోదరులు మొదలుపెట్టిన సోడా వ్యాపారం తర్వాత ‘ఆర్టోస్’ అయింది. వందేళ్లు దాటింది. కోకాకోలా 1977లో దేశం వదిలి వెళ్లి 1993లో తిరిగొచ్చింది. ఆ రాకపోకలు రెండూ ఆర్టోస్ కళ్లముందే జరిగాయి. ప్లాస్టిక్ పెట్టెలు రాకముందు ఇలాంటి చల్లని పానీయాలు గడులు కట్టిన చెక్కపెట్టెల్లో తిరిగేవి. పక్కల మీద పేరు అచ్చు వేసిన ఆ పెట్టె ఒక్కటి దొరికినా దాచుకోదగ్గది. సీసాల కంటే పెట్టెలే అరుదు. సీసా ఎవరికీ అడ్డం రాదు. పెట్టెని మాత్రం పొయ్యిలో పెడతారు.

పెట్టెల మాట వచ్చింది కాబట్టి ఇంకాస్త చెప్పాలి. 1888లో కలకత్తా రేవులో సన్‌లైట్ సబ్బుల పెట్టెలు దిగాయని లీవర్ కంపెనీ తన చరిత్రలో రాసుకుంది. విదేశీ సరుకు మన పల్లెల దాకా వచ్చింది ఇలాంటి దేవదారు పెట్టెల్లోనే. కిరసనాయిలు ఒక చెక్కపెట్టెలో రెండు డబ్బాల చొప్పున వచ్చేది. నూనె అయిపోయాక ఆ డబ్బా కావిడికెక్కి నీళ్లు మోసేది. చిల్లు పడ్డాక విప్పి కప్పు మీద రేకుగా కొట్టేవారు. పెట్టె పచారీ కొట్లో సొరుగు అయ్యేది, ఇంట్లో ముక్కాలిపీట అయ్యేది. మీ అటక మీది పీట తిరగేసి చూడండి. అడుగున విదేశీ అక్షరాల ముద్ర ఉంటే అది ఓడ దిగిన చెక్క.

మందు సీసాలది వేరే లోకం. ఆస్పత్రికి ఇంటి నుంచి సీసా పట్టుకెళ్తే కాంపౌండరు ఎర్రమందు పోసి, కాయితం చీలికని గంట్లు పెట్టి కత్తిరించి సీసా పక్కన అంటించేవాడు. ఒక గంటుకి ఒక మోతాదు. చదువు రానివాళ్లు కూడా ఆ గంట్లు చూసే తాగేవారు. కొన్ని సీసాలకు ఆ గీతలు గాజులోనే ఉంటాయి. ఆరు పలకలుగా, ఒళ్లంతా గీతలతో నీలంగానో ఆకుపచ్చగానో ఉండే సీసా కనిపిస్తే జాగ్రత్త. అది విషం సీసా. చీకట్లో చెయ్యి తగలగానే తెలియాలని అలా చేశారు. అలాంటిదాన్ని వాసన చూడొద్దు, అడుగున మిగిలినదాన్ని ముట్టుకోవద్దు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ ఆదాయం మీదే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. తలనొప్పి మందు అమ్మిన డబ్బు తెలుగువాళ్లకు ఒక పత్రికని ఇచ్చింది. సంగీత కచేరీల్లో అమృతాంజనం ఉచితంగా పంచిపెట్టడం ఆయన చేసిన ప్రచారం. మద్రాసులోనే డాక్టరు కె.ఎన్. కేసరి ‘లోధ్ర’ అమ్మారు. 1928లో స్త్రీల కోసం ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టారు. మందు సీసా, పత్రిక ఒకే చేతుల్లోంచి వచ్చిన కాలమది. అందుకే సీసా దొరికిన మనిషి ఆ నాటి పత్రికల ప్రకటనలు కూడా చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికల్ని కాపాడుతోంది. సీసాకి తేదీ కట్టాలనుకునేవాళ్లు ఒకసారి వెళ్లాల్సిన చోటు అది.

గాజు వయసు గాజే చెబుతుంది. సీసా పక్కన అచ్చు అతుకు గీత ఉంటుంది. ఆ గీత మెడ దాకా వచ్చి మూతికి ముందే ఆగిపోతే మూతిని విడిగా చేత్తో చేసినట్టు. మూతి అంచు దాకా వెళితే యంత్రం పోసినది. సీసాలు పోసే ఓవెన్స్ యంత్రం 1903లో వచ్చింది. లేత ఆకుపచ్చ ఛాయ ఇసుకలోని ఇనుము వల్ల. తెల్ల గాజు ఏళ్ల తరబడి ఎండకి లేత ఊదా రంగుకి తిరిగితే అందులో మాంగనీసు ఉన్నట్టు. అడుగున విదేశీ ఊరి పేరు ఉందా, మన దేశపు పేరు ఉందా చూడాలి. తళేగావ్‌లో జనం దగ్గర పైసా పైసా పోగుచేసి 1908లో పెట్టిన ‘పైసా ఫండ్’ గాజు కార్ఖానా స్వదేశీ ఉద్యమపు బిడ్డ. అలాంటి గుర్తున్న సీసా ఎంత చిన్నదైనా నా దృష్టిలో చాలా పెద్దది.

నకిలీలూ ఉన్నాయి. కొత్త ఎనామిల్ బోర్డుని తుప్పు పట్టించి పాతదని అమ్ముతున్నారు. అసలు బోర్డు పెచ్చులు మేకులు కొట్టిన చోట, అంచుల్లో లేస్తాయి. ఒళ్లంతా సమానంగా తుప్పుంటే అనుమానించండి. వందేళ్లు దాటిన పురావస్తువుని దేశం దాటించడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. విదేశాల్లోని చుట్టాలకు కానుకగా పంపేముందు ఇది గుర్తుంచుకోవాలి.

దొరికినదాన్ని పాడుచేసేది తరచుగా మన ఉత్సాహమే. సీసాని ఇసుకతో తోమితే గీతలు పడతాయి. సబ్బు నీళ్లలో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. చీటీ అంటుకుని ఉంటే నీళ్లు తగలనివ్వకండి. బోర్డుకి రంగు వేయించొద్దు. తుప్పున్న చోట పల్చగా నూనె రాయండి. పాత క్యాలెండర్లకు లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పలేం. ఎండ తగలని చోట, ఆమ్లం లేని కాయితాల మధ్య పెట్టాలి.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక నవాబు పోగుచేసిన గాజు చూడ్డానికి 1951 నుంచి జనం వెళ్తున్నారు. ఆయన యూరపు గాజు కొన్నాడు. మన సంతల్లో తిరిగిన గాజుకి అలాంటి చోటు లేదు. అది ఏర్పడటానికి నవాబులు అక్కర్లేదు. శాఖా గ్రంథాలయంలో ఒక అద్దాల బీరువా, హైస్కూల్లో ఒక అర చాలు.

గజపతినగరం, బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు వైపు పాఠకులకు నా విన్నపం ఇది. నుయ్యి పూడిక తీయించేటప్పుడు, పాత పెంకుటిల్లు విప్పించేటప్పుడు, తాతగారి కొట్టు మూసేటప్పుడు సామాన్ల బండిని పిలిచేముందు ఒక పూట ఆగండి. పేరో ఊరో రాసి ఉన్న ప్రతి సీసానీ, డబ్బానీ, బోర్డునీ పక్కన పెట్టండి. ఫొటో తీయండి. ఎక్కడ దొరికింది, ఎవరిది, ఏ కొట్లో వాడారు అన్నది ఒక చీటీ మీద రాసి దారంతో కట్టండి. చీటీ లేని సీసా వట్టి గాజు. ఆ కొట్లో కూర్చున్న పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లని ఈ వేసవిలోనే అడగండి.