వట్టివేరు: విత్తనం లేకుండా దేశాలు దాటిన గడ్డి

ఎండలు ముదిరాయి, మద్రాసు అంగళ్ళలో వట్టివేళ్ళ కట్టలు కనబడుతున్నాయి. ఈసారి దాని చరిత్ర రాస్తాను. కాస్త పొడుగైనా చదవండి.

నేను చదివింది తమిళ బడిలో. అక్కడ దీన్ని వెట్టివేర్ అన్నారు, ఇంట్లో మా అవ్వ వట్టివేళ్ళు అనేది. మనవాళ్ళు చాలామంది "వట్టి" అంటే ఎండినది అనుకుంటారు. తమిళంలో వెట్టు అంటే నరకడం, తవ్వడం. తవ్వి తీసే వేరు గనుక వెట్టివేర్ అని చెప్తారు. ఆ మాటే ఓడెక్కి ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో వెటివర్ అయింది. ఉత్తరాదిన ఖస్ అంటారు. రైల్వే ఆఫీసుల్లో కూలర్లు రాకముందు కిటికీలకు ఈ వేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారని మా సీనియర్లు చెప్పేవారు.

అసలు ఇది ఏటి ఒడ్డున, నీళ్ళు నిలిచే పల్లాల్లో పుట్టిన గడ్డి. వాన లేకపోయినా చావదు. వేళ్ళు పక్కలకు పాకవు, నిట్టనిలువుగా మూడు మీటర్ల దాకా దిగుతాయి. ఉత్తరాది రకం విత్తనం వేస్తుంది. మన దక్షిణాది రకానికి మొలకెత్తే విత్తనం ఉండదు. ఒకరు దుబ్బు చీల్చి ఇంకొకరికి ఇస్తేనే ముందుకు పోతుంది. దక్షిణాసియా బయట పెరిగే వట్టివేరులో ఎక్కువ భాగం ఒకే మొక్క సంతతి అని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. అంటే అదంతా చేతి నుంచి చేతికి పోయిందే.

జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే ఆయన 1950ల్లో ఫిజీ చెరకు తోటల్లో, వాలు నేలల మీద దీన్ని వరసగా నాటించి మట్టి కొట్టుకుపోకుండా ఆపాడు. 1980ల్లో ప్రపంచ బ్యాంకు పని మీద ఆయన, రిచర్డ్ గ్రిమ్‌షా మన దేశంలో ఇదే ప్రచారం చేశారు. తీరా చూస్తే మైసూరు దగ్గర గుండ్లుపేట రైతులు తరతరాలుగా పొలం గట్ల మీద ఈ గడ్డినే హద్దుగా పెంచుతున్నారు! 1993లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ దీని మీద ఒక పుస్తకమే వేసింది.

రైల్వేవాణ్ణి గనుక ఇదీ చెప్పాలి. మడగాస్కర్‌లో ఫియానరాంట్సోవా నుంచి మనకారాకు 163 కిలోమీటర్ల కొండ లైను ఉంది. 2000లో తుపానులకు కట్టలు జారి లైను మూతపడింది. తర్వాత లైను పక్క రైతులు వాలుల మీద వట్టివేరు నాటి కట్టను నిలబెట్టారు.

ఊళ్ళో నేల ఉన్నవాళ్ళకు పెంచే పద్ధతి:

విత్తనం వేయని రకం దుబ్బు తెచ్చుకోండి. రెండు మూడు పిలకలు ఉండేలా చీల్చండి. ఆకు జానెడు, వేరు బెత్తెడు ఉంచి మిగతాది కోసేయండి. వానల మొదట్లో, వాలుకు అడ్డంగా, బెత్తెడు కంటే కాస్త ఎక్కువ ఎడంలో ఒకే వరసలో నాటండి. నీడ పనికిరాదు. మొదటి నెలలు తడి ఆరకుండా, కలుపు లేకుండా చూడాలి. మోకాలెత్తు పెరిగాక పైన కోస్తుంటే పిలకలు బాగా వస్తాయి. రెండు మూడేళ్ళలో వరస కలిసి గోడలా అవుతుంది.

వేళ్ళు అమ్మాలంటే కడలూరు పక్క చేసినట్టు ఇసక నేలలో, మూరెడు ఎడంలో వేరేగా వేయండి. పదిహేను, పద్ధెనిమిది నెలలకు తవ్వవచ్చు. గట్టు మీది వరసను మాత్రం తవ్వకండి. వేళ్ళకు ధర వచ్చిందని గట్టు తవ్వితే ఆ వానకే మట్టి పోతుంది. హైతీలో సెంటు నూనె కోసం వాలు నేలల్లో వేళ్ళు తవ్వి మట్టి పోగొట్టుకుంటున్నారు. ఒకే గడ్డి మట్టిని కాస్తుంది, తవ్వితే అదే మట్టిని పోగొడుతుంది. ఏ వరస అమ్మకానికి, ఏ వరస గట్టుకు అన్నది నాటే రోజే తేల్చుకోవాలి.

మన భాష కూడా ఇక్కడ విత్తనం లేని గడ్డే. ఇంట్లో ఒకరు ఇంకొకరికి ఇస్తేనే ఉంటుంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీన్ని ఏ పేరుతో పిలిచేవారో రాయండి, ఒకచోట చేర్చి పెడతాను.