హబ్షీ అన్న మాట ఎక్కడిది?

హిమాయత్‌నగర్ చౌరస్తాలో నిలబడి పడమటికి చూస్తే రోడ్డు మొయినాబాద్, చేవెళ్ల మీదుగా పాత మర్రిచెట్ల నీడన సాగిపోతుంది. దీన్ని ఇప్పటికీ బీజాపూర్ రోడ్డు అనే అంటారు. హైదరాబాదు పట్నం వైపు మళ్లితే గోల్కొండ. ఒకప్పుడు ఆ కొసన ఆదిల్‌షాహీలు, ఈ కొసన కుతుబ్‌షాహీలు ఏలారు. రెండు దర్బార్లలోనూ వినపడిన మాట ఒకటుంది: హబ్షీ. గోల్కొండలో బాలాహిసార్ దర్వాజా ఎదుట హబ్షీ కమాన్లు ఉన్నాయి. హబ్షీలు కాపురమున్న చోటు గనుక హబ్సిగూడ అయిందని పట్నంలో చెప్పుకుంటారు. రోజూ వేలమంది నోట నలిగే ఈ మాట పుట్టిల్లు చూడాలంటే ఎర్రసముద్రం దాటాలి.

ఇప్పటి ఇథియోపియా, ఎరిత్రియా దేశాల ఎత్తైన భూములను అరబ్బులు హబష్ అన్నారు. అక్కడివాడు హబ్షీ. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అక్కడ అక్సుం రాజ్యం లేచింది. దానికి ప్రాణం అడులిస్ రేవు. ఏనుగు దంతం, ఖడ్గమృగం కొమ్ము అక్కడ ఓడలెక్కేవి. మన దేశపు ఇనుము, ఉక్కు, నూలు బట్ట అక్కడ దిగేవి. 1వ శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే నౌకాయాన గ్రంథంలో అడులిస్ ఉంది, మన కృష్ణా తీరపు మసాలియా కూడా ఉంది. మచిలీపట్నం ప్రాంతపు సన్నని నేత గురించి చెప్పిన ఆ పుస్తకమే అక్సుం దంతం గురించీ చెప్పింది. నాకు ఈ పొరుగుతనం ఎంతో ఇష్టం.

అక్సుం రాజులు సొంత బంగారు నాణేలు ముద్రించారు. 4వ శతాబ్దంలో ఎజానా రాజు క్రైస్తవం పుచ్చుకోగానే నాణెం మీది చంద్రవంక పోయి శిలువ వచ్చింది. అక్కడి ఏకశిలా స్తంభాల్లో పెద్దది దాదాపు 33 మీటర్లు. ఇప్పుడు నేలకొరిగి, ముక్కలై ఉంది. పర్షియాలో మత ప్రవక్త మానీ లోకంలోని నాలుగు మహారాజ్యాలను లెక్కిస్తూ రోము, పర్షియా, చైనాల సరసన అక్సుంను నిలబెట్టాడు. మన బడి పుస్తకాల్లో ఆ నాలుగో పేరు ఎందుకు లేకుండా పోయిందా అని బాధ కలుగుతుంది.

సముద్రం పెంచిన రాజ్యం సముద్రం చేజారగానే చిక్కిపోయింది. 7వ శతాబ్దం నుంచి ఎర్రసముద్రం మీద అరబ్బుల పట్టు బిగిసింది. తర్వాత వర్తకం పర్షియన్ గల్ఫ్ వైపు మళ్లింది. కొండ నేలల సారం కూడా తగ్గిందంటారు. ఆఫ్రికా పశ్చిమాన ఘనా, మాలి, సోంఘాయ్ రాజ్యాలు కూడా ఇలాగే వర్తకం మీద, సహారా ఎడారి దాటే బంగారు వ్యాపారం మీద బతికాయి. సోంఘాయ్ 1591లో మొరాకో తుపాకుల ముందు కూలింది. సరిగ్గా ఆ ఏడే ఇక్కడ హైదరాబాదుకు పునాది పడింది.

అక్సుం పోయినా హబష్ పోలేదు. లాలిబెలాలో రాతిని తొలిచి 11 చర్చిలు కట్టినవారు వచ్చారు. 1270లో సోలమన్ వంశీయులమని చెప్పుకున్న రాజులు గద్దెనెక్కారు. 1529 నుంచి 1543 దాకా అదాల్ సుల్తాను పక్షాన అహ్మద్ గ్రాన్ సాగించిన యుద్ధం ఆ రాజ్యాన్ని కకావికలు చేసింది. ఆ కలతల్లో సరిహద్దు ఊళ్ల పిల్లలు బానిసలుగా రేవులకు చేరారు. పట్టుబడినవారిలో చాలామంది ఆ క్రైస్తవ రాజ్యపు జనమూ కాదు, ఆ మతమూ కాదు. అయినా ఓడ దిగగానే అందరికీ ఆ రాజ్యం పేరే అంటింది. హబ్షీ అన్న మాటలోని అసలు గాయం ఇదే.

అలా అమ్ముడైన పిల్లవాడే మాలిక్ అంబర్. 1548 ప్రాంతంలో పుట్టాడు. మోకా, బాగ్దాద్ సంతలు దాటి అహ్మద్‌నగర్ చేరాడు. అక్కడ అతన్ని కొన్న పేష్వా చెంగిజ్ ఖాన్ కూడా హబ్షీయే. అంబర్ ఎదిగి, అక్కడి నిజాంషాహీ రాజ్యాన్ని భుజాన మోసి, ఔరంగాబాదుగా మారిన ఖడ్కీని 1610లో నిలబెట్టి, భూగర్భ కాలువలతో నీళ్లు తెప్పించాడు. 1626లో చనిపోయేదాకా మొఘలులు అతన్ని దాటి దక్కనులోకి రాలేక సతమతమయ్యారు. జహంగీరు అతని తలకు బాణం గురిపెట్టినట్టు బొమ్మ గీయించుకున్నాడు. యుద్ధంలో దొరకని తల బొమ్మలో మాత్రమే దొరికింది. మన రోడ్డు చివరి బీజాపూరులో, రెండో ఇబ్రహీం ఆదిల్‌షా బాలుడుగా ఉన్న రోజుల్లో, ఏళ్ల తరబడి పాలన నడిపింది దిలావర్ ఖాన్ హబ్షీ.

తర్వాతి కథ మన గడ్డ మీదిదే. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ సైనికుల దళం పెంచాడు. అది నిజాం ఫౌజులో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. వారి నివాసాలున్న బస్తీయే ఏ.సీ. గార్డ్స్. 1948 తర్వాత నిజాం రాజ్యంతోపాటు ఆ దళమూ పోయింది. గుర్రాలు పోయాయి, కొలువు పోయింది, బస్తీ మిగిలింది. యెమెన్ నుంచి వచ్చిన చాఊష్‌లూ, సిద్దీలని పిలిచే ఈ ఆఫ్రికన్ సంతతివారూ నిలబెట్టిన మర్ఫా వాద్యం మిగిలింది. పెళ్లిళ్ల కాలంలో మొయినాబాద్ దారిలో ఏ ఫంక్షన్ హాలు ముందైనా బరాత్ ఆగినప్పుడు, పెళ్లికొడుకు గుర్రం దిగేదాకా, ఆ డప్పులు మోగుతూనే ఉంటాయి.